బార్టన్ స్ప్రింగ్స్‌లో ఇంత పాచి ఏంటి? టైల్స్ వేసి క్లోరిన్ కొట్టొచ్చు కదా!

కొత్తగూడెం_కిట్టు
అమ్మానాన్న ఆర్నెల్లకని వచ్చారు. నాన్నకి నీళ్లంటే పిచ్చి, ఊళ్లో మోటబావిలో ఈత కొట్టి పెరిగినవాడు. ఆస్టిన్‌లో ఏం చూపించాలి అంటే ఆఫీసులో అందరిదీ ఒకటే మాట, బార్టన్ స్ప్రింగ్స్, ఊళ్లో అందరూ ఈతకెళ్లే పూల్. లీవు పెట్టి, పులిహోర కట్టించుకుని పోయిన గురువారం వెళ్తే గేటు మూసుంది. గురువారం పగలంతా కడుగుతారట. చూసుకోకపోవడం నా తప్పే, ఒప్పుకుంటా.

శనివారం మళ్లీ వెళ్లాం. దిగీ దిగగానే రాళ్ల మీద పాచి. కాలు జారి మోకాలు గీరుకుపోయింది. నీళ్లు ఐసు. అడుగున నాచు జడల్లా ఊగుతోంది, మధ్యలో చేపలు తిరుగుతున్నాయి. దీనికి టికెట్ ఒకటి. వందేళ్ల పూల్ అంటున్నారు, వందేళ్లలో నాలుగు టైల్స్ వేయలేకపోయారా? మా అపార్ట్‌మెంట్ పూల్ నయం, కనీసం అడుగు నీలంగా కనిపిస్తుంది. నాన్న ఏమీ అనలేదు. గట్టు మీద కూర్చుని నీళ్లలో కాళ్లు పెట్టి చూస్తూ ఉండిపోయాడు. ఇంతకీ ఇందులో ఏముందని అంత పేరు?

ఉప్మా_వద్దు
గురువారం వెళ్లి గేటు చూసి వచ్చావంటే ఆస్టిన్‌లో నీ బారసాల అయినట్టే. పులిహోర ఏం చేశారు? లోపలికి తిండి రానివ్వరు కదా.

కొత్తగూడెం_కిట్టు
కార్లో తిన్నాం అన్నా. ఏసీ వేసుకుని.

రౌండ్‌రాక్_రాజీ
నేనూ మొదటిసారి ఇదే తిట్టుకున్నా. పాచికి రబ్బరు చెప్పులు దొరుకుతాయి, కాళ్లకి పట్టి ఉంటాయి. అవి కొనండి, సగం బాధ పోతుంది.

పాతకాపు97
నేను టైల్స్ దగ్గరే ఆగిపోయాను. అది పూల్ కాదు కిట్టూ, వాగు. బార్టన్ క్రీక్‌కి పైన ఓ గట్టు, కింద ఓ గట్టు వేసి మధ్యలో ఊట నీళ్లు నిలబెట్టారు. కాంక్రీటు ఆనకట్టలు 1920ల నాటివి. పైనుంచి వచ్చే వాగు నీళ్లు మామూలు రోజుల్లో పూల్‌లోకి రావు, పక్కన తూములోంచి కిందకి పోతాయి. వరద వస్తే మాత్రం గట్టు దాటి బురదంతా లోపలికే, అప్పుడు మూసేస్తారు. నీళ్లు మూడెకరాలు, ఈ చివర నుంచి ఆ చివరకి 900 అడుగులు. డైవింగ్ బోర్డు ఉంది చూశావా, ఆ చుట్టుపక్కలే రాతి చీలికల్లోంచి ఊట పైకొస్తుంది. అక్కడ టైల్స్ వేయడమంటే కుళాయికి బిరడా కొట్టడమే.

పేరు సంగతి: 1837లో విలియం బార్టన్ అనే ఆయన వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు. ఊటలకి కూతుళ్ల పేర్లు పెట్టుకున్నాడు, పెద్దదానికి పార్థీనియా, పక్కదానికి ఎలైజా. అంతకు ముందు వేల ఏళ్లుగా ఇక్కడివాళ్లకి ఇది పుణ్యతీర్థమే. కోవాయిల్టెకన్లనే ఇక్కడి ఆదివాసుల వారసులు ఇప్పటికీ అలాగే చూస్తారు. చివరికి ఈ భూమి జిల్కర్ అనే ఆయన చేతికొచ్చింది. ఐసు ఫ్యాక్టరీ, కోకాకోలా బాట్లింగ్‌తో సంపాదించిన మనిషి, ఆస్టిన్‌లో దిగినప్పుడు జేబులో అర డాలర్ ఉందని చెప్పుకుంటారు. 1917లో ఊటలున్న 50 ఎకరాలు ఊరికి వచ్చేలా రాసిచ్చాడు. ఊరికే కాదు, నగరం బడులకి లక్ష డాలర్లు కట్టాలి, ఆ డబ్బుతో పిల్లలకి చేతిపనులు నేర్పాలి అని షరతు. మిగతా పార్కు భూమి 1930ల్లో వచ్చింది. టికెట్లిచ్చే ఆ బాత్‌హౌస్ 1947 నాటిది, ఈ మధ్యే బాగుచేసి తెరిచారు. 1985లో మొత్తం ప్రాంతాన్ని జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేర్చారు.

నంద్యాల_నాగమణి
కిట్టు గారూ, మహానంది వెళ్లారా ఎప్పుడైనా? కోనేట్లో అడుగున రూపాయి బిళ్ల బొమ్మా బొరుసూ చెప్పొచ్చు. చలికాలం దిగితే గోరువెచ్చగా, ఎండాకాలం దిగితే చల్లగా. నిజానికి నీళ్లు మారవు, మన ఒళ్లే మారుతుంది. మొదటిసారి బార్టన్‌లో దిగినప్పుడు నాకు అదే గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి. మా ఆయన చలికి ఏడుస్తున్నాననుకున్నారు.

కొత్తగూడెం_కిట్టు
మహానందిలో పాచి లేదు కదండీ మరి!

నంద్యాల_నాగమణి
అక్కడ అడుగున పరిచిన రాయి, రోజూ కడుగుతారు. ఇక్కడ అడుగున కాపురం ఉంది. బండరాయి గారిని పిలవండి, ఆయనకి ఇదే పని.

బండరాయి
పిలవకపోయినా వచ్చేవాణ్ణే.

ఈ నీళ్లు ఎడ్వర్డ్స్ ఆక్విఫర్‌వి, అంటే నేల కింద నీళ్లు నిలవుండే రాతి పొరవి. నైరుతి ఆస్టిన్ నుంచి హేస్ కౌంటీ దాకా నేల కింద సున్నపురాయి, దాని నిండా చీలికలు, బొరియలు. వాన పడితే బార్టన్, విలియమ్‌సన్, స్లాటర్, బేర్, ఆనియన్ క్రీకుల అడుగున ఉన్న రంధ్రాల్లోకి నీళ్లు జారిపోతాయి, వచ్చి ఇక్కడ బుగ్గల్లో తేలతాయి. సగటున సెకనుకి 53 ఘనపుటడుగులు. మన లెక్కలో 1,500 లీటర్లు. మన కాలనీలకి వచ్చే 5,000 లీటర్ల ట్యాంకర్ మూడున్నర సెకన్లు కాకముందే నిండుతుంది. 1950ల కరువులో అది దాదాపు 10 ఘనపుటడుగులకి పడిపోయింది, కానీ ఎండలేదు. వేడి ఏడాది పొడవునా 20, 21 డిగ్రీలు.

చిక్కేంటంటే, ఇసుక నేలైతే నీళ్లు వడగట్టుకుని నిదానంగా దిగుతాయి. ఇక్కడ వడపోత లేదు, పైపులైనే. వాగుల్లో రంగు కలిపి చూస్తే కొన్ని చోట్ల నుంచి రోజుల్లోనే ఊటలో తేలింది. అంటే నువ్వు మైళ్ల అవతల కారు కింద కార్చిన ఆయిల్ వచ్చే వారం ఎవరి ముక్కులోకో.

ఇక క్లోరిన్. ఊటల్లో బార్టన్ స్ప్రింగ్స్ సాలమాండర్ అని ఒకటుంది. రెండున్నర అంగుళాలు, బల్లి ఆకారం, కప్పల చుట్టం. పెద్దయ్యాక కూడా మొప్పలు మెడ పక్కన ఎర్ర కుచ్చుల్లా బయటే ఉంటాయి, నీళ్లు వదిలి ఒడ్డుకి రానే రాదు. 1993లో దీన్ని కొత్త జాతిగా గుర్తించారు. 1997లో కోర్టు కేసుల తర్వాత కేంద్రం అంతరించే ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో పెట్టింది. 2013లో ఇంకో సాలమాండర్ చేరింది, చూపు లేనిది. ఒకప్పుడు పూల్‌ని బ్లీచింగ్‌తో కడిగేవాళ్లు. ఇప్పుడు చీపుళ్లు, ప్రెషర్ పైపులే. నీళ్లు పూర్తిగా దించడానికి కూడా లెక్కలున్నాయి, ఎందుకంటే పూల్ దిగితే పక్కన ఎలైజా ఊట కూడా దిగిపోయి అక్కడివి ఎండుతాయి. నీ గురువారం గేటుకి ఇదీ కథ.

ఉప్మా_వద్దు
రెండున్నర అంగుళాల బల్లి వల్ల ఆరడుగుల కిట్టు జారి పడ్డాడు.

పాతకాపు97
1997 నేను ఈ ఊరొచ్చిన ఏడాదే. దానికి రక్షణ దొరికింది, నాకు హెచ్‌వన్ దొరికింది. దాని పరిస్థితే స్థిరంగా ఉంది.

స్లాటర్_శ్రీను
బల్లి మీద జోకులు మీకు బాగానే ఉంటాయి. ఆ బల్లి వల్ల నా పెరట్లో గచ్చు ఆగిపోయింది. బార్బెక్యూకి, పిల్లల సైకిళ్లకి వెనకాల 20 అడుగులు కాంక్రీటు వేద్దామని అడిగితే, మీ స్థలంలో నీరు ఇంకని భాగం పరిమితి దాటుతుంది, కుదరదు అన్నారు. మూడు నెలలు తిప్పి చెప్పారీ మాట. నా డబ్బు, నా నేల. ఎక్కడో పది మైళ్ల అవతల ఎవరో ఈత కొడతారని నేను మట్టిలో బార్బెక్యూ చేయాలా?

రౌండ్‌రాక్_రాజీ
శ్రీను గారూ, పేరు స్లాటర్, మీరే ఆ పైపులైను మీద కూర్చున్నారు 😀

బండరాయి
ఆ రూలు ఎలా వచ్చిందో తెలిస్తే కోపం తగ్గకపోయినా దిశ మారుతుంది. పాతకాపు గారు 1990 సంగతి చెప్పాలి.

పాతకాపు97
1990లో నేను ఒంగోలులో ఇంటర్. అయినా ఆఫీసులో ఒక పెద్దాయన వంద సార్లు చెప్పాడు కాబట్టి నేనే వెళ్లినట్టు చెప్తా. బార్టన్ క్రీక్ పొడవునా 4,000 ఎకరాల్లో ఇళ్లు, అపార్ట్‌మెంట్లు, గోల్ఫ్ కోర్సులు వేస్తామని ఫ్రీపోర్ట్ మెక్‌మొరాన్ కంపెనీ తరఫున ప్రతిపాదన వచ్చింది. 1990 జూన్ 7న కౌన్సిల్ విచారణ పెడితే మాట్లాడతామని ఎనిమిది వందల మందికి పైగా పేర్లిచ్చారు. మధ్యాహ్నం మొదలైంది తెల్లారే దాకా సాగింది. లోపల చోటు లేక జనం బయట నిలబడ్డారు. పొద్దున్నే కౌన్సిల్ ఒక్క ఓటు తేడా లేకుండా కుదరదంది.

రెండేళ్లకి, 1992 ఆగస్టులో, సేవ్ అవర్ స్ప్రింగ్స్ ఆర్డినెన్స్ మీద ఊరంతా ఓటేసింది. మూడింట రెండొంతులకి దగ్గరగా అవునన్నారు. ఊటలకి నీళ్లు నేరుగా దిగే చోట స్థలంలో 15 శాతానికి మించి గచ్చు, కప్పు, రోడ్డు ఉండకూడదు. నీళ్లు వచ్చి చేరే పై ప్రాంతంలో బార్టన్ క్రీక్ వైపు 20, మిగతా వైపు 25. బిల్డర్లు కోర్టుకెక్కారు. 1998లో టెక్సస్ సుప్రీంకోర్టు ఆర్డినెన్స్ చెల్లుతుందంది. అదే ఏడాది జనం ఇంకో ఓటేసి 6.5 కోట్ల డాలర్లతో 15 వేల ఎకరాలు కొనమన్నారు, ఏమీ కట్టకుండా వదిలేయడానికి. అప్పటి నుంచి కొంటూనే ఉన్నారు, ఇప్పటికి 25 వేల ఎకరాలు దాటింది. మూడెకరాల నీళ్ల కోసం.

స్లాటర్_శ్రీను
కొని వదిలేశారు, బాగుంది. అందుకే ఊళ్లో ఇళ్ల ధరలు ఇలా ఉన్నాయి. మనవాళ్లంతా ఊరవతల లియాండర్ దాకా ఎందుకు పోయారనుకుంటున్నారు? అక్కడ గాలి బాగుందనా? ముందొచ్చి ఇళ్లు కట్టుకున్నవాళ్లు గేటు వేసుకుని దానికి పర్యావరణం అని బోర్డు పెట్టారు.

రౌండ్‌రాక్_రాజీ
అబ్బా, ఇందులో కొంత నిజం ఉంది. ఒప్పుకోవాలి.

బండరాయి
ఉంది. కానీ ఇల్లు లియాండర్‌లోనూ కట్టొచ్చు. ఊట ఇంకో చోట కట్టలేం. ఇంకో మాట, ఆ 15 శాతం ఒక్కో పెరటికి వేసే లెక్క కాదు, ప్రాజెక్టు మొత్తం స్థలానిది. పాత లేఅవుట్లు చాలావాటికి అప్పటి రూల్సే నడుస్తాయి. మీ కాలనీ ప్లాట్ కాగితాలు తీయండి శ్రీను గారూ, మీకు చెప్పిన పరిమితి దేని కింద వచ్చిందో అందులో ఉంటుంది.

యూటీ_రెండో_ఏడు
అందరూ పాత ఊరు, మంచి ఊరు అంటున్నారు కానీ ఆ పాత ఫొటోల్లో ఒకటి గమనించారా? ఈత కొట్టేవాళ్లంతా తెల్లవాళ్లే. నల్లజాతి వాళ్లకి 1960ల దాకా ప్రవేశం లేదు. జోన్ మీన్స్ అని ఆస్టిన్ హైస్కూల్ అమ్మాయి, 1960లో సీనియర్. క్లాసు పిక్నిక్ ఈ పూల్ ఉన్న జిల్కర్ పార్కులో, కానీ నల్లపిల్లలు నీళ్లలో దిగకూడదన్నారు. ఆమె దూకేసింది. ఆ వేసవంతా స్నేహితులతో వచ్చి దూకుతూనే ఉంది, తరమడం, మళ్లీ రావడం. రెండేళ్లకి తలుపులు తెరిచారు. 2021లో పోయింది ఆవిడ. పూల్‌ని కాపాడాం అన్నప్పుడు ఎవరి కోసం కాపాడారో కూడా చరిత్రే కదా.

ఉప్మా_వద్దు
అప్పట్లో మనం వెళ్తే ఏ లైన్లో నిలబెట్టేవాళ్లో!

గట్టుమీద
చాలా రోజులుగా చదవడమే గానీ రాయలేదు. ఉప్మా గారూ, జోకు అర్థమైంది. మా తాత మా ఊరి మంచినీళ్ల బావి గట్టు ఎక్కేవాడు కాదు. కింద నిలబడి ఎవరైనా వచ్చి చేది పోసేదాకా ఎదురు చూసేవాడు, దోసిలి మోచేతుల దాకా పట్టి. మా నాన్న ఈత నేర్చుకోలేదు, నేర్చుకోవడానికి బావి లేక. నేను ముప్పై రెండేళ్లకి బార్టన్‌లో నేర్చుకున్నా. పాచి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ఉప్మా_వద్దు
సారీ అన్నా.

గట్టుమీద
పర్లేదు. రబ్బరు చెప్పుల సలహా మాత్రం నిజం, రాజీ గారు చెప్పినవే.

డీప్‌ఎడ్డీ_దివ్య
కిట్టు గారికి పాచి అసలు పడకపోతే డీప్ ఎడ్డీకి రండి, నది పక్కనే. కాంక్రీటు పూల్, 1915 ప్రాంతం నాటిది, టెక్సస్‌లో మనుషులు కట్టిన పూల్స్‌లో అదే పాతది. ఒకప్పుడు రిసార్ట్‌గా ఉన్నప్పుడు లొరీనా అనే ఆవిడ గుర్రం ఎత్తైన బల్ల మీంచి నీళ్లలోకి దూకేదట. ఇప్పుడు మా పిల్లలు దూకుతున్నారు, చప్పుడు అంతే.

నంద్యాల_నాగమణి
బార్టన్‌లో ఫ్లో అని వాలిపోయిన పెకాన్ చెట్టు ఉండేది, గుర్తుందా ఎవరికైనా? కింద ఇనుప ఊతాలు పెట్టి నిలబెట్టారు పాపం. మా పాప పుట్టకముందు దాని కింద ఫొటో దిగాం. తెగులు పట్టిందని 2023లో తీసేశారు. తీసేముందు పూజలాగా చేసి సాగనంపారు, ఎంత మంది ఏడ్చారో. పాపకి ఇప్పుడు ఫొటో చూపిస్తే చెట్టేదీ అంటుంది.

స్లాటర్_శ్రీను
చెట్టుకి కన్నీళ్లు, నా గచ్చుకి మాత్రం జాలి లేదు.

బండరాయి
మీ గచ్చు కాదు శ్రీను గారూ, ముందు దాని మీద పూసే నలుపు సంగతి వినండి. 2003లో పూల్‌ని మూడు నెలలు మూసేశారు, మట్టిలో విషాలున్నాయని పేపర్లో వచ్చాక. పరీక్షలు చేసి ఈతకి ప్రమాదం లేదని తెరిచారు. కానీ ఆ వెతుకులాటలో ఇంకోటి బయటపడింది. పార్కింగ్ లాట్లకి, డ్రైవ్‌వేలకి నిగనిగలాడేలా పూసే కోల్‌తార్ పూత ఉంది చూడండి, అది అరిగి, పొడై, వానకి కొట్టుకొచ్చి వాగుల్లో చేరుతోంది. 2005లో ఆస్టిన్ ఆ పూతని నిషేధించింది, అమెరికాలో మొదటి నగరం. తర్వాత ఎన్నో చోట్ల అదే దారి పట్టారు. అంతకు ముందు ఆ నలుపుని ఎవరూ అనుమానించనే లేదు, కొత్తగా కనిపిస్తుందని డబ్బిచ్చి పూయించుకున్నారు.

రౌండ్‌రాక్_రాజీ
సికింద్రాబాద్‌లో మా అమ్మమ్మగారి ఇల్లు బన్సీలాల్‌పేట దగ్గర. ఆ మెట్ల బావి మా చిన్నప్పుడు చెత్తకుప్ప, అందులో బావి ఉందనే తెలియదు. లారీలకొద్దీ తీసి, బాగుచేసి 2022లో తెరిచారు. పోయినసారి వెళ్తే దీపాలు, రాతి మెట్లు, అద్భుతం. అందరం ఫొటోలు దిగాం. కానీ ఇక్కడ ఆరు గంటలకి ఎనభై ఏళ్ల ముసలమ్మలు టవల్ భుజాన వేసుకుని రోజూ వస్తారు చూశారా, ఆ వాడకం వేరు.

కొత్తగూడెం_కిట్టు
వారం తర్వాత వస్తున్నా. చదివి ఊరుకోలేక మంగళవారం తెల్లారకముందే నాన్నని తీసుకెళ్లా. ఇంకా చీకటి, నీళ్ల మీద ఆవిరి లేస్తోంది. నాన్న గట్టు వెంట ఆ చివరి దాకా నడిచొచ్చి అడిగిన మొదటి మాట, "మోటరు ఏడ పెట్టిండ్రు?"

మోటరు లేదు నాన్నా అంటే నమ్మలేదు. కింది ఆనకట్ట దగ్గర పొర్లే నీళ్లు చూశాక, ఇంత నీళ్లు ఊరికే వస్తున్నాయా అని రెండుసార్లు అడిగాడు. మా ఊరి బావి నా చిన్నప్పుడే ఎండిపోయింది, చుట్టూ బోర్లు పడ్డాక. దాని గురించి ఆయన ఎప్పుడూ మాట్లాడడు.

కొత్త నిక్కరు వేసుకోవడానికి పావుగంట సిగ్గుపడ్డాడు. తర్వాత మెట్లు దిగి, పాచి మీద కాలి వేళ్లు ముడిచి పట్టు పెట్టి నిలబడ్డాడు. నేను జారాను, ఆయన జారలేదు. బావి మెట్ల మీద అలాగే నిలబడాలట, మడమ మీద బరువు పెట్టకూడదట. ఇది ఇన్నేళ్లలో నాకు చెప్పలేదు! ముక్కు పట్టుకుని మునిగాడు. పది, ఇరవై, ముప్పై లెక్కపెట్టా, పైకి రాలేదు. నాకు టెన్షన్, లైఫ్‌గార్డ్ కోసం చూస్తున్నా. అంత దూరంలో, నడి పూల్‌లో తేలాడు. అరవై ఎనిమిదేళ్లు. అక్కడి నుంచే అరిచాడు, అడుగున నీళ్లు మెత్తగా తోస్తున్నయి, రా అని.

వెళ్లలేదు. చలి.

నంద్యాల_నాగమణి
ఆయనకి దిష్టి తీయించండి ముందు.

ఉప్మా_వద్దు
మరి ఆ టైల్స్?

కొత్తగూడెం_కిట్టు
టైటిల్ మార్చడం ఎలాగో తెలియట్లేదు. మాడరేటర్ ఎవరన్నా మార్చండి.

స్లాటర్_శ్రీను
బండరాయి గారూ, ప్లాట్ కాగితాలు తీశా. మాది పాత రూలే, కానీ పరిమితి నిజంగానే దగ్గర పడింది. మా కన్నా ముందు ఈ ఇంట్లో ఉన్నాయన కట్టిన షెడ్డు మింగేసింది. ఇప్పుడు ఒకటి అడుగుతున్నా, కప్పు లేకుండా, పలకల మధ్య సందులు వదిలి, కింద మట్టి ఉంచి చెక్క డెక్ వేస్తే సగమే లెక్కలోకి వస్తుందట కదా?

బండరాయి
అవును, సగమే. సందులు మాత్రం ఆకులతో పూడకుండా చూసుకోవాలి.

స్లాటర్_శ్రీను
సరే. షెడ్డు పీకుతున్నా. ఆదివారం సుత్తి పట్టగలిగినవాళ్లు రండి, బిర్యానీ నాది. కిట్టూ, మీ నాన్నగారిని తప్పకుండా తీసుకురా, పని చేయడానికి కాదు.